మిడత కాదండీ

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న నిద్రలోనే పోయారక్కా. పక్కన కళ్ళజోడు, మీ కాయితాలు ఉన్నాయి," అంది. నావి కావు ఆ కాయితాలు. మూడొందల ఏళ్ళ కిందటి ఒక ఫ్రెంచి కవి చెప్పిన జంతువుల కథలు. తెలుగు చేసింది మాస్టారు, టైప్ చేసింది నేను.

న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్స్‌కంతటికీ ఆయన యానాం మాస్టారు. యానాం బళ్ళో ఫ్రెంచి చెప్పి, రిటైరై కూతురి దగ్గరికి వచ్చారు. శనివారాలు స్విమ్మింగ్ పూల్ వెనక పిక్నిక్ బల్ల దగ్గర పిల్లలకి కథలు చెప్పేవారు. ఆ కవి సంగతులు పక్కింటాయన సంగతుల్లా ఉండేవి ఆయన నోట్లో.

"అడవుల శాఖలో ఆఫీసరండీ, ఆయ్. చెట్లు చూసి రమ్మంటే నక్కల్నీ కాకుల్నీ చూస్తూ కూర్చుని ఉంటాడు. ఆ తర్వాత ఒక మహాతల్లి ఇంటికి అతిథిగా వెళ్ళి ఇరవై ఏళ్ళు ఉండిపోయాడు."

టీ తెచ్చిన వాళ్ళమ్మాయి, "మీకు మూడేళ్ళే అయింది నాన్నా, ఇంకా పదిహేడున్నాయి," అనేది. అందరికన్నా పెద్దగా నవ్వేది ఆయనే.

కొన్ని కథలు మన దేశపు పండితుడి దగ్గర తీసుకున్నానని ఆ కవే ఒప్పుకున్నాడట. "మనవేనండీ. దేశాలు తిరిగి ఫ్రెంచి నేర్చుకున్నాయి. వాటికి తెలుగు గుర్తుచేస్తున్నాను, అంతే," అనేవారు మాస్టారు.

నేను తెలుగు ఎం.ఏ. చదివినదాన్నే. అయినా ఒక కామా కోసం మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. "పెట్టండమ్మా. నచ్చకపోతే అదే పోతుంది," అనేవారు.

చీమ కథలో మాత్రం ఆయనే ఆగిపోయారు. వేసవంతా పాడి చలికాలం చీమ గుమ్మం ముందు నిలబడే పురుగుని, చిన్నప్పుడు చదువుకున్నట్టే, మిడత అని కొట్టాను. "మిడత కాదండీ! అది గెంతుతుంది. పాడేదెక్కడ?" అంటూ నన్ను పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, చెట్లన్నీ ఒకటే రొద. "వినండి. ఇదండీ ఆవిడ."

"కీచురాయి అందామా?"

"అంత పాట పాడేదాన్ని పట్టుకుని కీచు అంటామా అమ్మా? తిట్టినట్టు లేదూ?"

చెట్టు బెరడుకి అవి కుబుసంలా విడిచిన పెంకు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని చొక్కాకి, గుండెల మీద తగిలించుకుని, "న్యూజెర్సీ వారిచ్చిన పతకం," అన్నారు. ఆ వారం పిల్లలకీ అలాగే చూపించారు. కథలో ఆ పురుగు పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలేయమన్నారు. రెండు వేసవులు గడిచినా అది నిండలేదు.

"పదకొండో రోజుకి పుస్తకం చేసి పిల్లలకి ఇద్దామక్కా," అంది వాళ్ళమ్మాయి. ఆ శనివారం బల్ల దగ్గర పిల్లలకి చీమ కథ చదువుతూ ఖాళీ దగ్గర ఆగిపోయాను. పైన చెట్టులో అవి పాడుతూనే ఉన్నాయి. మా పక్క బ్లాక్‌లో ఉండే తొమ్మిదేళ్ళ పిల్ల విసుక్కుంది.

"ఆంటీ, వై డిడ్ యూ స్టాప్? అది పాటపురుగు!"

"ఆ మాట ఎవరు చెప్పారే?"

"నేనే. మా అమ్మ నన్ను పుస్తకాలపురుగు అంటుంది కదా. ఇది పాటలు."

ఇంటికొచ్చి టైప్ చేశాను. తీసేశాను. ఏ నిఘంటువులోనూ లేని మాట, చిన్నపిల్ల అన్న మాట, మాస్టారి పుస్తకంలో ఉండొచ్చా? అలవాటుగా ఫోన్ తీశాను. ఆయన నంబర్ దాకా వెళ్ళి ఫోన్ పక్కన పెట్టేశాను. నచ్చకపోతే అదే పోతుంది కదా! పాటపురుగు అని మళ్ళీ కొట్టి, ప్రింట్‌కి పంపించేశాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక పుస్తకాలు పంచాం. ఆ పిల్ల తన మాట వెతుక్కుని ఎగిరి గంతేసింది. మిగతావాళ్ళు పుస్తకాలు చంకలో పెట్టుకుని చెట్ల చుట్టూ చేరారు. కాసేపటికి అందరూ పార్కింగ్ లాట్ దాటి ఇళ్ళకి వెళ్తుంటే చూశాను. ఒక్కొక్కరి గుండెల మీద ఒక్కో పెంకు, ఎండలో తేనెరంగుగా మెరుస్తోంది.