సింగడికి పాజిటివ్

జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ అమ్మే వనజమ్మ నోటికి ఎదురు లేదు. కండక్టరునైనా కానిస్టేబులునైనా ఒక్క మాటతో కూర్చోబెట్టేస్తుంది. అలాంటి మనిషి ఒక కుక్క విషయంలో తికమకపడి అన్నం మానేసిందంటే ఎవరు నమ్ముతారు?

కుక్క పేరు సింగడు. సింహానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, పిల్లి అరిస్తే బల్ల కిందికి దూరుతుంది. పోయినేడు ప్రొద్దుటూరులో ఏటేటా వేసే టీకా వేయించుకొని వస్తుంటే, దారిలోనే దాని మూతి ఉబ్బి ఊపిరాడలేదు. ఎలాగో బతికింది. ఈ ఏడు మళ్లీ ఆ సూది అంటే వనజమ్మకు వణుకు. పోనీ మానేద్దామంటే, దీనికి ముందు పెంచిన కుక్కపిల్ల అదే టీకా లేక, నెత్తురు విరేచనాలై ఆమె ఒళ్లోనే పోయింది. వేయించినా భయమే, మానినా భయమే.

ప్రొద్దుటూరు పశువుల డాక్టరు మహేష్ ఒక దారి చెప్పాడు. "పాత టీకా బలం ఒంట్లో ఇంకా ఉందో లేదో రక్తం చూస్తే తెలుస్తాదమ్మా. ఉంటే ఈ యేడు ఆ సూది పనిలేదు."

"అట్లనే చూడండి సార్," అని తలూపింది గానీ, బలం రక్తంలో ఎలా కనబడుతుందో ఆమెకు ముక్క అర్థం కాలేదు.

కొన్నాళ్లకు ఫోనొచ్చింది. డాక్టరు దగ్గర పనిచేసే చందన గబగబా, "సింగడికి పాజిటివ్ వచ్చింది పెద్దమ్మా, సారు రమ్మంటాండాడు," అని పెట్టేసింది.

"సింగడికి పాజిటివంట!" అని వనజమ్మ బజ్జీలు నూనెలోనే వదిలేసింది. కరోనా చూసినవాళ్లకు ఆ మాటకు అర్థం ఇంకొకరు చెప్పాలా! పక్కన గాజులమ్మే జైబున్నీసా నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"ముట్టుకోవాకు వనజక్కా, యాడన్నా కట్టెయ్. నీకూ అంటుకుంటాది."

"అంటుకోనీ!" అని కసిరి, వనజమ్మ పొయ్యి ఆర్పేసి సింగణ్ణి చంకనెత్తుకొని ప్రొద్దుటూరు ఆటో ఎక్కింది. దారంతా ఏడుస్తూ దాన్ని గుండెకు అదుముకొనే ఉంది.

ఆమె ఏడుపు ఎందుకో తెలిశాక డాక్టరు నవ్వాడు. "ఈ పాజిటివ్ మంచిదమ్మా. బలం ఉందని అర్థం. ఆ సూది ఈ యేడు వద్దు. రేబిస్ సూది మాత్రం తప్పదు, దాని సంగతి వేరే. అది వేసినాక కాసేపు ఈడనే ఉండండి, నేను చూసుకుంటా."

బలం ఉందట, ఒక సూది వద్దట, ఇంకోటి తప్పదట. వనజమ్మ బుర్ర గిర్రున తిరిగింది.

"అంటే ఇది బతికినట్టేనా సార్?"

"బతికినట్టే."

సింగడు బల్ల మీద నుంచి ఆమె చెయ్యి నాకుతున్నాడు. ఆమె ముఖంలో మాత్రం నవ్వు రాలేదు. ఇంకా ఏమిటమ్మా అన్నట్టు చూశాడు డాక్టరు.

"కరోనాలో మా ఆయనకు గూడా ఫోన్లో పాజిటివ్ అనే చెప్పినారు సార్. ముట్టుకోవద్దంటే దూరంగా నిలబడుకున్నా. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆయన చెయ్యి చాపినాడు, నేను పట్టుకోల్యా. మళ్లీ రాలేదు," అంది వనజమ్మ. "అది ఏ పాజిటివ్ సార్?"