కాటేరు రాయిలో ఆల్చిప్ప

నేను వరద ఏడాది పుట్టాను. మా నాన్న తుఫాను ఏడాది చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. మా అమ్మ లెక్క ఇంతే, తారీకులు ఆవిడకి పట్టవు. మా యానాం కనకాలపేటలో ఎవరి పెళ్ళి ఎప్పుడైందని అడిగినా, "తుఫానుకి ముందా, తర్వాతా?" అని మొదలుపెడుతుంది. డిగ్రీ చదివినదాన్ని కదా, ఆ లెక్కంటే నాకు కొంచెం చిన్నచూపే ఉండేది.

రెండేళ్ళ కిందట మా మేడ మీద గదిలోకి ఒకమ్మాయి అద్దెకి దిగింది. విశాఖపట్నం నుంచి వచ్చిన జియాలజిస్టు. గోదారి ఒడ్డున గొట్టాలు దింపి, లోపలి మట్టిని పైకి తీసి పరీక్షించడం ఆ పిల్ల పని. ఒక ఆదివారం పొద్దున్నే, "రాజమండ్రి దగ్గర కాటేరు క్వారీకి వెళ్తున్నాను, వస్తారా?" అంది. నేనింకా ఆలోచిస్తుండగానే అమ్మ చెప్పులేసుకుంది.

క్వారీ గోడలో కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో పాలిపోయిన పట్టీ. ఆ నల్లరాళ్ళు రెండూ ఒకప్పటి లావా అట. అమ్మ మధ్య పట్టీని వేలితో తడిమింది. పెళ్ళి కాకముందు నుంచీ గోదారిలో గుల్లలేరి సున్నపు బట్టీకి వేసిన చెయ్యి అది.

"ఇది ఆల్చిప్పే! ఇంత దూరం ఎవరు తెచ్చారే?"

"ఎవరూ తేలేదు మామ్మగారూ. సముద్రమే ఇక్కడుండేది. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట."

నేను ఆ కోట్లని ఊహించబోయి, ఎక్కడో దారి తప్పి ఆగిపోయాను. ఆ అమ్మాయి గోడ చూపిస్తూ చెప్పింది. "కింది వైపు క్రెటేషియస్, రాకాసి బల్లుల కాలం. పై వైపు పేలియోజీన్, అవి లేని కాలం. రెండిటి మధ్య గీత సరిగ్గా ఎక్కడ పడాలో ఇంకా వాదించుకుంటున్నాం. కానీ ఈ చుట్టుపక్కలే."

"కాలాన్ని సమానంగా కొయ్యరా?" అన్నాను.

"లేదక్కా. ఒక కాలం ఎనిమిది కోట్ల ఏళ్ళుంటుంది, మరెక్కడో ఇంకోటి రెండు కోట్లే. ఏదో పెద్దది జరిగి, అప్పటిదాకా ఉన్న జీవులు రాళ్ళలో కనబడకుండా పోతాయి. ఆ పైన కొత్తవి కనిపిస్తాయి. అక్కడ గీస్తాం."

"తుఫానుకి ముందు, తుఫాను తర్వాత," అంది అమ్మ.

"అంతే మామ్మగారూ!"

నాకు మొహం వేడెక్కింది.

అమ్మ గోడని వదల్లేదు. "అంతా పోయాక మళ్ళీ ఇవెలా వచ్చాయి?"

"అన్నీ పోలేదు. కొన్ని మిగిలాయి. మిగిలినవాటి పిల్లలే మళ్ళీ సముద్రమంతా నిండాయి."

అమ్మ అరచెయ్యి రాయికి ఆనించింది. నాన్న పోయినప్పుడు ఆవిడకి నేనూ, ఇద్దరు తమ్ముళ్ళూ మిగిలాం. "మిగిలాయన్నమాట," అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

తిరుగు దారిలో కారులో అడిగింది. "ఇప్పుడు మనమున్న కాలం పేరేంటమ్మాయ్?"

"హోలోసీన్. మంచు కాలం పోయాక మొదలైంది. పన్నెండు వేల ఏళ్ళు కూడా కాలేదు. మీ యానాం నేల గోదారి ఈ కాలంలో తెచ్చి పోసిందే."

"అయితే మనూరింకా పురిటిబిడ్డే!" అమ్మ పకపకా నవ్వింది.

కారు దిగాక, రోజూ నడిచే మా వీధి ఇసక మీద కాలు మోపడానికి ఒక్క క్షణం జంకాను. అమ్మ మాత్రం గబగబా వెళ్ళి, ప్రహరీ మీంచి పక్కింటావిడని కేకేసింది.

"ఇదిగో విన్నావా, సముద్రం ఒకప్పుడు రాజమండ్రిలో ఉండేదంట!"