అక్కకు రాయని రెండు గదులు

మా బట్టల దుకాణంలో ‘లేదు’ అనే మాట పలకకూడదు. అడిగిన రంగు చీర అయిపోతే ‘రేపు వస్తది’ అనాలి. సాయంత్రం షట్టరు దించేటప్పుడు ‘మూసేద్దాం’ అనకూడదు, ‘కట్టేద్దాం’ అనాలి. అశుభం నోట రాకూడదని బాపు నాకు చిన్నప్పుడే నేర్పాడు. చివరికి ఆయన తన చావు గురించి మాట్లాడబోతే, ఆయన నేర్పిన పద్ధతినే అడ్డం పెట్టి మాట్లాడనివ్వలేదు.

వరంగల్‌లో మాది ముందు దుకాణం, వెనక ఇల్లు. అక్క, నేను, తమ్ముడు, మేం ముగ్గురం. ఆ ఇంట్లో చివరి రెండు గదుల్లో అక్క ఉండేది. బావ చనిపోయాక, ముప్పై ఏళ్లయినా నిండకుండానే తిరిగి వచ్చింది. పిల్లలు లేరు. మంచాన పడ్డ అమ్మకు సేవ చేసింది, అమ్మ పోయాక బాపుకు వండిపెట్టింది. ఆ రెండు గదులు ఆమె పేరున రాయాలని బాపు కోరిక.

ఓ పొద్దున గల్లాపెట్టె దగ్గర అగరొత్తులు వెలిగించి ఆయనే మొదలుపెట్టాడు.

“జర రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీస్కపోరా. ఆ రెండు అర్రలు మీ అక్క పేరు మీద రాస్త.”

“బోణీ గూడ గాలె బాపు. పొద్దుగాల్నే గా ముచ్చటేంది? నీకేమైతది, నూరేండ్లు బతుకుతవు.”

“నూరేండ్లు నీతోని ఏగుడా? అంతకన్న ఇప్పుడే పోవుడు నయం.” నవ్వి, వెంటనే గొంతు తగ్గించాడు. “నవ్వులాట గాదురా. కిరాయింట్ల ఉన్నోళ్లు సస్తే ఓనరు పీనుగను గేటు లోపటికి రానియ్యడు. దినాలు గూడ చెయ్యనియ్యడు. నా బిడ్డకు గా గతి పట్టొద్దు.”

మా గల్లీలో కిరాయికున్న ఒక ముసలాయన దవాఖానలో పోతే అలాగే జరిగింది. ఇంటికి తేనివ్వలేదు. అది చూసినప్పటి నుంచి బాపుకు ఈ ఫికర్ పట్టుకుంది.

నేను కదలడం లేదని, దస్తావేజులు రాసే మనిషిని ఆయనే ఇంటికి పిలిపించాడు. కాగితం తయారైంది. అప్పుడే మా అమ్మాయి పెళ్లి కుదిరింది.

“ఇంట్ల శుభకార్యం పెట్టుకొని గిసొంటి కాయితాలా? పెండ్లయినంక చూద్దాం” అన్నాను.

పెళ్లి ఒక సాకు. దుకాణాన్ని వెనక్కి పెంచాలని నాకు అప్పటికే ఉంది. ఆ గదులు అక్క పేరున పడితే అది కుదరదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పెళ్లయి, పదహారు రోజుల పండగ కాకముందే బాపుకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఆసుపత్రి మంచం మీంచి అక్క వైపు చూసి, ఎడమచేత్తో గాలిలో రాస్తున్నట్టు చూపించాడు. నాకు అర్థమైంది. “మంచిగయినంక పోదాం బాపు” అన్నాను. వారం తిరగకుండా పోయాడు.

దినాలయ్యాక తమ్ముడూ నేనూ ఒక కాగితం తెచ్చాం. ఆడపిల్లలు తమ హక్కు వదులుకుంటూ అన్నదమ్ములకు సంతకం పెట్టడం మా ఇళ్లలో మామూలే.

“నేను గీన్నే ఉంటగదా?” అని అడిగింది అక్క.

“గీన్నే ఉంటవు. యాడికి పోతవు?” అన్నాను.

కళ్లద్దాల కోసమైనా లేవకుండా సంతకం పెట్టింది.

మూడేళ్లకు తమ్ముడు తన భాగం అమ్ముదామన్నాడు. సగం ఎవరూ కొనరని దుకాణంతో సహా మొత్తం అమ్మేశాం. ఇద్దరం మడికొండలో ఫ్లాట్లు తీసుకున్నాం. అక్క కొన్నాళ్లు నా దగ్గర, కొన్నాళ్లు వాడి దగ్గర ఉండి, ఇద్దరిళ్లలోనూ ముఖాలు గమనించి, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుంది. వద్దని నేను గట్టిగా అనలేదు.

ఇప్పుడు ఆమెకు క్యాన్సర్. ఇక చేయగలిగిందేమీ లేదన్నారు డాక్టర్లు. మొన్న ఆదివారం ఆ కిరాయి గదికి చూడటానికి వెళ్లాను.

“ఓనరమ్మ మంచిదే తమ్మీ. కూర చేస్తే నాకింత పంపుతది. కని నిన్న మెల్లగ అడిగింది, మీవోళ్లు ఎప్పుడు తీస్కపోతరు అని. ఏం జెప్పాలె?”

మా అమ్మాయి పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఈ సమయంలో ఇంట్లో చావు ఎలా అని నా భార్య అంటే నేను ఎదురు చెప్పలేదు. “రెండు నెలలాగితే నేనే వచ్చి తీస్కపోత అక్కా” అన్నాను.

“రెండు నెలలు నేనుంటనా?” అంది. గొంతులో నిష్ఠూరం లేదు. దుప్పటి అంచు సరిచేసుకుంది.

“ఆ లోపట్నే అయితే, దవాఖాన నుంచి సీదా కాటికే తీస్కపోండ్రి. ఇంటికని తిప్పకుండ్రి. ఓనరమ్మకు అదే జెప్త, పాపం భయపడుతాంది.”

నేను తల ఊపాను.