ఉల్లిపాయ వెయ్యని ముద్ద

ఉల్లిపాయలు నూనెలో ఎర్రబడే వాసన వస్తే ఇప్పటికీ నేను గుమ్మం వైపు చూస్తాను. మా ఇంట్లో తిరిగే కుక్క కూడా అటే చూస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు.

మా అత్త అసిరమ్మ. వన్ టౌన్ దిగువన, రేవు పక్క జాలరిపేటలో ఉండేవాళ్ళం. డెబ్భైల చివర్లో నా పెనిమిటి వేటకెళ్ళి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. శవం లేకుండా దినమేమిటని అత్త చెయ్యనివ్వలేదు. రోజూ సందెవేళ, కొడుక్కిష్టమని, ఉల్లిపాయలు దండిగా వేసి చేపల ఇగురు వండేది. అన్నంలో కలిపి, కంచం గుమ్మం బయట పెట్టేది. తెల్లారేసరికి కంచం ఖాళీ.

"సూసావేటి? ఆడే వొచ్చాడు" అనేది.

ఆయన పెంచిన రాజుగాడు తింటున్నాడని ఇద్దరికీ తెలుసు. ఆ కుక్క మాట ఇద్దరం ఎత్తలేదు. నాకు ఆ రోజుల్లో ముద్ద దిగేది కాదు, కంచం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని.

కొన్నాళ్ళకి రాజుగాడు లేవడం మానేశాడు. అత్త వాడి పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. ఒంటేలు కాఫీ రంగు. గోనెసంచిలో వేసి రిక్షా మీద పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

"ఏం పెడుతున్నారమ్మా?" అన్నాడు డాక్టరు.

"మా అబ్బాయి తినేదే, బాబూ."

అదేమిటో విడమరిచి అడిగి తెలుసుకున్నాడు. "ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తాన్ని విరిచేస్తాయి. చేప ఉత్తినే ఉడకబెట్టి, ముళ్ళు తీసి అన్నంలో పెట్టండి. ఆ ఇగురు ఇంకా పెడితే మీకు దక్కదు."

రిక్షాలో అత్త గొణిగింది: "ఉల్లిపాయ నేకపోతే ఆడికి ముద్ద దిగదు. ఉంటే దీని పేణం పోద్ది."

ఆ సందెవేళ రెండు వంటలు. రాజుగాడిని లోపల మంచం కోడుకి కట్టి, చప్పటి ముద్ద పెట్టింది. ఇగురు కంచం ఎప్పటిలా బయట పెట్టి తలుపు వేసింది. కాసేపటికి, పొద్దున్నించీ తల ఎత్తని కుక్క లేచి నిలబడింది. మూసిన తలుపు వైపు తోక ఊపింది. వేట నుంచి ఆయన వచ్చినప్పుడు మాత్రమే తీసే సన్నటి కూత ఒకటుంది, అది తీసింది. అత్తా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తలుపు తియ్యలేదు.

పొద్దున్న కంచం ఖాళీ. చుట్టూ తడి ఇసక మీద పిల్లి అడుగు కూడా లేదు.

అత్త కంచం బూడిదతో తోమి చూరు కింద బోర్లించింది. ఆ సందెవేళ ఒకటే వంట, ఉల్లిపాయ లేదు.

"ఇంక పెట్టవా అత్తా?"

"పెడితే వత్తాడు. వత్తే తనోళ్ళని ఎంటేసుకుపోతాడు."

ఆమె చూస్తున్నది కుక్కని కాదు, నన్ను. ఆయన కంచం తెచ్చి నా ముందు పెట్టింది. "తిను పిల్లా. ముళ్ళు తీసేను."

కన్న కొడుకుని గుమ్మంలోనే ఆపేసి పెట్టిన కూడు అది. మెతుకు మిగల్చకుండా తిన్నాను. పక్కన రాజుగాడూ తిన్నాడు. వాడు కోలుకుని చాలా ఏళ్ళు బతికాడు. అత్త మళ్ళీ ఆ ఇగురు వండనూ లేదు, కొడుకు పేరు ఎత్తనూ లేదు.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. మొన్న పేపర్లో కుక్కలకి పెట్టకూడనివి కూడబలుక్కుని చదివాను. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్టు. మంచి మాటే. అయితే కూరలో ఉల్లిపాయ పడకముందే కుక్క వాటా తీసి, ముళ్ళు వేలితో తడిమి చూడడం నేను పేపరు చూసి నేర్చుకున్నది కాదు. ఆ తర్వాతే మాకు ఉల్లిపాయలు వేస్తాను. వేసే ముందు తలుపు గడియ పెడతాను.

కుక్క తోక ఊపుతుంది. నేను కూర్చుని కడుపునిండా తింటాను.