పంతానికి నిండిన క్లాసు

ఆ రోజుల్లో ప్రపంచంలోని సరిహద్దులన్నీ నాకు తెలుసు. అనంతపురం దాటి ఎలా బయటపడాలో మాత్రం తెలియదు. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. అయింది. అంతర్జాతీయ భద్రత మీద పరిశోధన సగంలో ఉంది. ఫెలోషిప్ అయిపోయింది. ఢిల్లీలో ఏదో ఒక పరిశోధన సంస్థ నన్ను పిలుస్తుందని, నా వ్యాసం ఎవరో ఒకరు అచ్చేస్తారని పోస్టుమాన్ సైకిలు బెల్లుకు చెవులప్పగించి బతుకుతున్నాను. (వ్యాసాలు పోయినంత వేగంగా తిరిగి వచ్చేవి. తపాలా శాఖ మీద అప్పుడు కలిగిన గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు.) ఈలోపు ఊరకే ఉండలేక ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరరుగా చేరాను. ఒకచోట కూర్చోలేని వయసు. క్లాసులో ఉంటే లైబ్రరీకి పోవాలనిపించేది, లైబ్రరీలో ఉంటే బస్టాండుకు పోవాలనిపించేది. బస్టాండులో బెంగళూరు బస్సు కదిలితే, పనేమీ లేకపోయినా దాని వెంట నాలుగడుగులు నడిచేవాణ్ణి.

మా డిపార్టుమెంటులో ఇద్దరమే. రెండో మనిషి పెద్దసారు. ఆయన ఈ మధ్యనే పోయారు. కబురు విన్నప్పటి నుంచి ఆయన గురించి నాలుగు గంభీరమైన మాటలు రాయాలని కూర్చుంటున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఆయన స్కూటరు నడుపుతూ, వెనక కూర్చున్న నా వైపు తిరిగి మాట్లాడుతూ, నేరుగా గుంతలోకి దిగడమే గుర్తుకొస్తోంది. గుర్తుకొచ్చిందే రాస్తాను. ఆయనైనా అదే చేయమనేవారు.

అప్పటికి కంప్యూటర్ల గాలి మా మెట్టప్రాంతం దాకా వచ్చింది. వాన రాలేదు గానీ అది వచ్చింది. బి.ఏ. అంటే పిల్లలు మొహం తిప్పుకునే కాలం. జూన్ వచ్చిందంటే లెక్చరర్లందరం ఊళ్ల మీద పడి, ఇంటరు పాసైన పిల్లల్ని వెతికి, వాళ్ల పెద్దవాళ్లను బతిమాలి కాలేజీలో చేర్పించాలి. చదువు చెప్పడం ఆ తర్వాతి పని. ఆ సంవత్సరం కాలేజీ యజమాని మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, "పదహైదు మంది ల్యాకుంటే మీ గ్రూపు తీసేస్తా సార్. నన్నేమనుకోవద్దండి" అన్నాడు. నా వైపు చూసి, "నువ్వు కంప్యూటరు నేర్చుకోప్పా, ఇంకా వయసుండాది" అని కూడా అన్నాడు. గ్రూపు పోతే నాకు ఉద్యోగం పోతుంది. పెద్దసారుకు పొద్దున్నే తల దువ్వుకుని వచ్చి నిలబడే చోటు పోతుంది. పిల్లల్లేని మనిషి, భార్య పోయిన మనిషి. ఏది ఎక్కువ నష్టమో ఆ వయసులో నాకు తెలియలేదు.

అలా మొదలైంది మా స్కూటరు యాత్ర. తనకల్లు వైపు ఒక రైతు మమ్మల్ని కూర్చోబెట్టి చాలా మర్యాదగా అడిగాడు: "ఇది సదివితే ఏమొస్తాది సార్?"

"పేపరు సదివితే అర్థమైతాది" అన్నారు పెద్దసారు.

"మా ఊరికి పేపరే రాదు గదా సార్."

పెద్దసారు కాసేపు ఆలోచించి, ఆ మాట న్యాయమేనని ఒప్పుకుని లేచారు. ఆయనతో వచ్చిన చిక్కు అదే. ఎదుటివాడి వాదన బాగుంటే ఓడిపోయేవారు. అయినా కాళ్లరిగేలా తిరిగి తొమ్మిది మందిని పోగేశాం. గడువు దగ్గరపడింది. ఇంకా ఆరుగురు కావాలి.

బత్తలపల్లె దాటి లోపలికి పోతే ఒక ఊరు ఉంది. పేరు ఎందుకులెండి, ఇప్పుడు చల్లగా ఉంది. అప్పట్లో ఆ ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గం వాళ్లు బస్సెక్కే చోట రెండో వర్గం వాళ్లు ఎక్కేవాళ్లు కారు. డ్రైవరు ఒకే ఊళ్లో రెండుసార్లు ఆపేవాడు. మేం పోయేసరికి నా నాలుక అట్టకట్టింది. ఊరి మొదట్లోనే ఒక మిద్దె, దాని అరుగు మీద ఒక పెద్దమనిషి. మిద్దింటాయన అందాం. "ఎండన బడి వచ్చినారు, రాండి, మజ్జిగ తాగండి" అన్నాడు. పెద్దసారు స్కూటరుకు స్టాండు వేస్తూ కళ్లతో నాకేదో సైగ చేశారు. నేను అప్పటికే చెంబు ఎత్తాను.

మజ్జిగ బాగుంది. ఆ ఇంటి పిల్లల చదువు గురించి మిద్దింటాయన ఏమీ తేల్చలేదు. బయటికి వచ్చాక పెద్దసారు, "కొంప ముంచితివి గదప్పా" అన్నారు.

"ఏమైంది సార్?"

"ఈ ఊర్లో ఫస్టు ఎవురింట్లో నోరు తడుపుకుంటే ఆ పార్టీ మనుషులమైతాం. దాహమైతే స్కూటరుకు సీసా కట్టుకొని రావల్ల. నువ్వు చదివిందేమి, చేసిందేమి?"

నేను చదివింది రెండు శత్రుదేశాల మధ్య ఆయుధ పోటీ గురించి. ఒకడు భయపడి ఒక తుపాకి కొంటాడు. అది తన కోసమేనని రెండోవాడు భయపడి రెండు కొంటాడు. ఇద్దరూ తాము కాపాడుకుంటున్నామనే అనుకుంటారు. దీని మీద ఇంగ్లీషులో రెండు వందల పేజీలు రాసి ఉన్నాను. మజ్జిగ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

రెండో వర్గం పెద్ద ఊరవతల చీనీతోటలో ఉండేవాడు. తోటాయన అందాం. మా స్కూటరు కంటే మా కబురు ముందు చేరింది. ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు. చెట్టుకు పాదు సరిచేస్తూ, "ఆయప్పింట్లో మజ్జిగ తాగినారంట" అన్నాడు.

నేను ఏదో సంజాయిషీ చెప్పబోయాను. పెద్దసారు నా చేయి నొక్కి, "తాగినాం. ఈడ అన్నం తింటాం" అన్నారు.

తోటాయన పార ఆపాడు. మీసాల కింద ఏదో కదిలింది. "అన్నమేంది సార్, సంగటి తిందురు" అని ఇంటి వైపు తిరిగి కేకేశాడు. ఆ పూట సంగటి, ఊరుబిండి, కోడికూర తిన్నాం. తింటుండగానే ఆయన అడిగాడు: "వాళ్లోళ్లు ఎంతమంది చేరినారు మీ కాలేజీలో?"

"ఇంకా ఎవురూ లేదు."

"అట్లయితే మా అన్న కొడుకులు ఇద్దరుండారు, రాసుకోండి. వాళ్లకంటే ముందు మాయి రెండు పేర్లు ఉండల్ల."

మరుసటి రోజు మిద్దింటాయన దగ్గరి నుంచి కబురు. పోతే ఆయన మొహం ముడుచుకుని ఉన్నాడు. "వాళ్లింట్లో కోడికూరంట, మా ఇంట్లో వట్టి మజ్జిగనా? ఇదేమి మర్యాద సార్?" అక్కడ ఓళిగలు, చిత్రాన్నం, పైన మళ్లీ కోడికూర. తినడమైనాక ముగ్గురి పేర్లు ఇచ్చాడు. "వాళ్లిద్దరు, మావోళ్లు ముగ్గురు. సరిగ్గా రాసుకున్నారా?" అని రెండుసార్లు అడిగాడు. వచ్చేదారిలో నాకు కడుపు బరువుగానూ మనసు తేలిగ్గానూ ఉంది. "సార్, ఇది నా థీసిస్సే" అన్నాను. "అవునా" అన్నారు పెద్దసారు నా వైపు తిరిగి. గుంతలో పడ్డాం.

అయితే నా థీసిస్‌లోనే రాసి ఉన్న సంగతి ఒకటి నేను మరిచాను. పోటీలో వెనకబడినవాడు ఎప్పుడూ ముందుకే ఉరకడు, ఒక్కోసారి ఆటే వద్దని లేచిపోతాడు. తోటాయన మమ్మల్ని పిలిపించి, "మావోళ్లను ఎనక్కి తీసుకుంటాండా సార్" అన్నాడు. "వాళ్లోళ్లు ముగ్గురుంటే మావోళ్లిద్దరు క్లాసులో తలెట్ల ఎత్తుకోవల్ల? ఇంకొకణ్ణి పంపుదామంటే ఇంటరు పాసైనోడు మా పక్క లేడు."

అప్పటికి మా లెక్క పద్నాలుగు. ఒకరి కోసం వచ్చి ఇద్దర్ని పోగొట్టుకుని పోతున్నాం. మరునాడే గడువు. పెద్దసారు చెమట తుడుచుకుంటూ చీనీచెట్ల వైపు చూస్తున్నారు. ఆయన అంత ముసలివాడిగా కనిపించడం నాకు అదే మొదటిసారి.

"నేనుండా గదా నాయనా."

గడపలో తోటాయన కూతురు. అంతకుముందు మాకు సంగటి వడ్డించిన పిల్ల.

"నువ్వు ఆడపిల్లవమ్మా" అన్నాడు తోటాయన.

"అయితే? ఇంటరు ఫస్టు క్లాసులో పాసయింది ఎవురు? నేను గాదా? రెండేండ్లాయ, పొయ్యికాడ కూర్చోని. మార్కులు పొయ్యిలో పెట్టేదానికా?"

తోటాయన నేల చూశాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన పెద్దసారును అడిగాడు: "వాళ్ల ముగ్గురిలో ఆడపిల్ల ఉండాదా?"

"లేదు."

"ఊర్లోనే ఎవురూ పంపల్యా గదా డిగ్రీకి?"

"పంపల్యా."

"అట్లయితే ముగ్గురికి ముగ్గురు గాదు సార్, మేమే ఒక మెట్టు పైన" అని, గడప వైపు చూడకుండా, "సర్టిఫికెట్లు తీసి పెట్టుకో" అన్నాడు.

అలా పంతానికి మా క్లాసు నిండింది. మొదటిరోజు ఆ ఊరి పిల్లలు గదికి ఆ కొసన ముగ్గురు, ఈ కొసన ముగ్గురు కూర్చున్నారు. తక్కిన తొమ్మిది మందినీ పెద్దసారు మధ్యలో కూర్చోబెట్టి, శాంతి పరిరక్షక దళమంటే ఏమిటో వాళ్లను చూపిస్తూ పాఠం చెప్పారు. ఆయుధ పోటీ పాఠం నా వంతు. నేను ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే తోటాయన కూతురు లేచి అడిగింది: "సార్, ఇద్దరూ భయపడి కొంటా పోతే లాభం ఎవురికి?"

"అమ్మేవాడికి" అన్నాను.

"అంటే మీకూ పెద్దసారుకూనా?"

ఆ కొస, ఈ కొస ఒకేసారి నవ్వడం ఆ సంవత్సరంలో అదొక్కసారే. స్టాఫ్ రూములో ఈ మాట చెబితే పెద్దసారు టీ పొలమారేలా నవ్వి, "ఆ పిల్లకు డిస్టింక్షన్ రాసి పెట్టుకో" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రం బస్టాండుకు పోయి చాలాసేపు తిరిగాను.

మరుసటి జూన్‌లో యజమాని అదే మాట, మేం అదే స్కూటరు. ఈసారి నాకు భయం లేదు. చేతిలో సిద్ధాంతం ఉంది. ఎవరింట్లో ముందు తాగాలో, ఎవరి పేరు ఎవరి చెవిన వేయాలో దారంతా పెద్దసారుకు చెబుతూ వచ్చాను. ఆయన ఊ కొడుతూ వచ్చారు. ఊళ్లోకి తిరిగేసరికి మిద్దె ముందు పందిరి. అరుగు మీద మిద్దింటాయన, ఆయన పక్కన తోటాయన. ఇద్దరి మధ్యలో ఒకే ఆకువక్కల పళ్లెం.

నేను స్కూటరు దిగడం మరిచిపోయాను.

వరసగా వానల్లేక శెనక్కాయ ఎండింది, బోర్లు ఎండాయి. కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి రెండు పక్షాలూ అలిసిపోయాయి. పోట్లాడటానికి కూడా కాస్త పంట ఉండాలి. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఆ మధ్యాహ్నమే రాజీ భోజనం. "మంచి టయానికి వచ్చినారు సార్" అని ఇద్దరూ ఒక్కసారే లేచారు.

నేను ఆగలేక అడిగేశాను. "మరి ఈ ఏడు మా గ్రూపులో..."

వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. మిద్దింటాయనే చెప్పాడు, ఎంతో దయగా: "అప్పుడు వాళ్లు పంపుతాండారని మేం పంపితిమి, మేం పంపుతాండామని వాళ్లు పంపిరి. ఇప్పుడు ఎవుని మింద పంతానికి పంపల్ల సార్? ఈ ఏడు మా పిల్లోళ్లందరూ కంప్యూటర్లకు పోతాండారు. ఒకే జీపులో."

ఆ సంవత్సరం మా గ్రూపులో కొత్త అడ్మిషన్లు ఆగిపోయాయి. ఉన్న పిల్లలు డిగ్రీ పూర్తిచేసేదాకా పెద్దసారును ఉంచారు. నన్ను ఆ నెలాఖరుకే పంపించారు. కొన్నాళ్లకు ఢిల్లీ కాకపోయినా ఇంకో నగరంలో ఒక పరిశోధన సంస్థ పిలిచింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఎక్కడెక్కడి ఉద్రిక్తతల మీదో నివేదికలు రాస్తాను. రెండు దేశాలు చేయి కలిపాయని వార్త వస్తే మా ఆఫీసులో ముందు కాస్త నిశ్శబ్దం, ఆ తర్వాత వచ్చే ఏటి ప్రాజెక్టు గురించి గుసగుసలు.

ఆ రోజు పందిరి కింద పంక్తి తీర్చారు. ఎన్నో ఏళ్లుగా ఒకరి నీడ ఒకరు తొక్కనివాళ్లు మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఎవరో ఒకరి విస్తట్లో ఉప్పు లేదని ఎదుటి వర్గం మనిషి లేచి వడ్డించాడు. ఆడవాళ్లు గడపల్లో నిలబడి ఊరకే చూస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరు కళ్లు తుడుచుకుంటున్నారు. ఇంక సాయంత్రం చీకటి పడితే మగవాళ్ల కోసం తలుపు దగ్గర ఎదురుచూడనక్కరలేదు వాళ్లు. పెద్దసారు నా పక్కన కూర్చుని, ఉద్యోగం పోతున్న మనిషిలా కాక పెళ్లివారి మనిషిలా ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటున్నారు. "ఇంతకన్నా ఏం గావల్లప్పా?" అన్నారు నాతో. శాంతిని చదువుకున్నవాణ్ణి, శాంతి ఎలా చెడుతుందో రెండు వందల పేజీలు రాసినవాణ్ణి, ఆ పంక్తి మొత్తంలో దిగులు మొహంతో కూర్చున్నది నేనొక్కణ్ణే.

ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. పక్కన చోటుంటే కూర్చుని, అప్పా, విస్తరి చల్లారిపోతాంది, ముందు తిను అని చెప్పాలనిపిస్తుంది.