నేను నడిచిన గీత

మా అక్క పొలంలో పడమటి మూలను మిషన్ తన ఇష్టానికి కోయలేదు. నేను కోయించాను. ఈ మాట ఆ రోజే, ఆ ఒడ్డు మీదే చెప్పాల్సింది. మిషన్ తప్పిందని అందరూ అంటుంటే పక్కన నిలబడి తల ఊపాను. ఆ తల ఊపడం ఏడాది పాటు సాగింది. దానివల్ల ఒక అమ్మాయి పని మీద మచ్చ పడింది, మా అక్క చేతికి మళ్లీ కొడవలి వచ్చింది.

రెజిమెంటల్ బజార్‌లో మాది బెల్టులు, బేరింగుల దుకాణం. నాన్న పెట్టింది, నేను నడుపుతున్నాను. ఏడాదంతా పిండిగిర్నీల వాళ్లు, మోటార్ల వాళ్లు వస్తారు. వరికోతలు మొదలైతే మాత్రం హార్వెస్టర్ల వాళ్లు తెగిన బెల్టును భుజాన వేసుకొని వచ్చి, ఇదే కొలతది కావాలని కౌంటర్ మీద పడేసేవారు. ఆ బెల్టుల గాడుల్లో పొట్టు, తాలు గింజలు ఇరుక్కొని ఉండేవి. కొత్తది ఇచ్చి పంపించాక కూడా పాత బెల్టును కాసేపు అక్కడే ఉంచుకునేవాణ్ణి. ఆ గింజల కోసం ఎదురింటి పిట్టగోడ మీది పావురాలు దిగి కౌంటర్ దాకా వచ్చేవి. బజారులో హారన్లు మోగుతుంటే, నా ముందు మాత్రం ఎక్కడిదో ఒక పొలం కాసేపు పరుచుకుని ఉండేది.

నాకు ఆ మిషన్ల పిచ్చి అలా పట్టుకుంది. బొల్లారం రైల్వే గేటు పడినప్పుడు లారీ మీద హార్వెస్టర్ కనిపిస్తే, గేటు లేచినా నా బండి కదిలేది కాదు. వెనక నుంచి తిట్లు పడేవి. పళ్ల చక్రాన్ని ముందర పెట్టుకొని ఆకాశం వైపు చూస్తూ వెళ్లే ఆ మిషన్, నిద్రలో ఎవరో మోసుకుపోతున్న పెద్ద జంతువులా ఉండేది. సైనిక్‌పురిలో ఇంటికి వచ్చాక ఫోన్‌లో అవే చూసేవాణ్ణి. ఏయే దేశాల పొలాలో తెలియదు. డ్రైవర్ లేకుండా మిషన్లు వాటంతట అవే వెళ్లి, చివరన తిరిగి, తాము కోసిన అంచును పట్టుకొని మళ్లీ వచ్చేవి. వాటిని చూస్తుంటే నీళ్లలో తేలుతున్నట్టు ఉండేది. మా ఆవిడ ఒకసారి, "ఈ ఇంట్ల కోతకొచ్చింది మీ గడ్డమొక్కటే, ముందు అది కొయ్యండి" అంది.

అలాంటి రోజుల్లో ఆ అమ్మాయి మా దుకాణానికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, ఇంజినీరు. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ కుటుంబం. మామూలు హార్వెస్టర్‌కు తామే కొన్ని పరికరాలు బిగించి, డ్రైవర్ లేకుండా నడిచేలా చేస్తున్నామని, దానికి బెల్టు కావాలని చెప్పింది. నేను బెల్టు ఇవ్వడం మరిచిపోయి ప్రశ్నలు మొదలుపెట్టాను. నగరానికి దగ్గరలో వరి మడి ఏదైనా దొరికితే కోసి చూపిస్తామని, కూలి ఏమీ అక్కర్లేదని ఆమె అంది. మా అక్క పొలం ఉందని చెప్పేశాను. అక్కను అడగనైనా అడగలేదు.

మా అక్కది బొల్లారం దాటాక ఒక పల్లె. చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతేసినా, అక్క, బావ తమ మడులను వదల్లేదు. మిషన్ అనగానే అక్క కాదనలేదు. కూలీలు దొరక్క అప్పటికే అందరూ హార్వెస్టర్లనే పిలుస్తున్నారు. డ్రైవర్ లేడంటేనే బావకు నవ్వొచ్చింది. "ఏం బామ్మర్దీ, నీ మిషన్‌కు చాయ్ ఎవలకియ్యాలె? సీటు మీద పెడితె తాగుతదా?" అన్నాడు.

అక్క అడిగింది ఒక్కటే. పెద్ద మడిలో పడమటి మూలను వదిలేయాలి. ఆ మూలలో ఉన్నవి అమ్మ వడ్లు. వాటికి ఏదో పేరు ఉండే ఉంటుంది, మా ఇంట్లో మాత్రం అమ్మ వడ్లనే అంటాం. ఎర్ర పొట్టు, పొడుగు మొక్క, పండితే గాలికే రాలే గింజ. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం, అమ్మ పోయాక అక్క చేతికి వచ్చింది. అమ్ముకునే పంట కాదు. ఏటా ఆ మూలలో ఇంత చల్లి, కొడవలితో కోసి, విత్తనానికి దాచి, మిగిలిన పిడికెడు బియ్యంతో అమ్మ తిథి రోజున అన్నం వండేది. ఆ ఏడు దాచిన విత్తనంలో సగం ఎలుకలు తినేస్తే, మిగిలినదంతా చల్లేసింది. అంటే ఉన్నదల్లా ఆ మూలలోనే ఉంది. గుర్తుగా కందికట్టెలు పాతి, పాత చీర పేలికలు కట్టింది. "నీకే చెప్తున్న తమ్మీ, ఇంకెవలకు చెప్ప. ఆ మూల ఇడిసిపెట్టుండ్రి" అంది.

ఆ పొద్దున పొగమంచు ఉంది. మిషన్ ఒడ్డు పక్కన ఆగి ఉంది. దాని రంగు మంచులో సగమే కనిపిస్తోంది. కోతకు ముందు ఒక మనిషి మడి చుట్టూ నడవాలి. పైన గిన్నెలాంటి పరికరం ఉన్న కర్రను చేతిలో పట్టుకొని నడిస్తే, నడిచిన దారంతా ఫోన్‌లో పచ్చ గీతగా పడుతుంది. ఒడ్లు నాకు తెలుసు కాబట్టి నేను నడుస్తానని బతిమాలాను. ఆ అమ్మాయి కర్ర నాకిచ్చి, "మీరు నడిచిందే దానికి పొలం అండి. గీత లోపల ఉన్నది మొత్తం కోసేస్తుంది. వదిలేయాల్సింది ఏమైనా ఉంటే దాని చుట్టూ తిరిగి రండి" అంది.

నడిచాను. కాళ్ల కింద తడి, పక్కన గింజ పట్టిన వరి గొలుసుల చప్పుడు, వెనక ఎక్కడో బావ దగ్గు. ఫోన్‌లో పచ్చ గీత నా వెంట పెరుగుతూ వస్తోంది. ఇన్నాళ్లూ ఫోన్‌లో చూసిన కలలోకి నేనే నడిచి వెళ్తున్నట్టు ఉంది.

పడమటి మూలకు వచ్చేసరికి పేలికలు కనిపించాయి. మరిచిపోయానని ఎవరికైనా చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం. నాకు గుర్తుంది. పేలికలను చూసి ఆగాను కూడా. వాటి చుట్టూ తిరిగితే గీత అక్కడ లోపలికి విరుగుతుంది, మిషన్ ఆగి, వెనక్కి వచ్చి, ముక్కలు ముక్కలుగా కోయాలి. నాకు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఏకబిగిన, ఎక్కడా ఆగకుండా, అది మంచులో వెళ్లడం చూడాలని ఉంది. వీడియో తీయాలనీ ఉంది. మూల దాకా వచ్చినప్పుడు ఆపమని చెబుదాంలే అనుకున్నాను. తిన్నగా నడిచి వెళ్లిపోయాను.

మిషన్ కదిలింది. సీటు ఖాళీగా ఉంది, స్టీరింగు తనంతట తాను కొంచెం ఇటు, కొంచెం అటు తిరుగుతోంది, కనిపించని పెద్దమనిషి ఎవరో తాపీగా కూర్చుని నడుపుతున్నట్టు. వరి దాని ముందు వంగేది, లోపలికి పోయేది. వెనక నుంచి గడ్డి బంగారు పొగలా పడేది. చివరన తిరిగినప్పుడల్లా అది నా వైపు చూసినట్టే అనిపించేది. ఫోన్ పట్టుకొని ఒడ్డు వెంట నడుస్తున్నాను. దుకాణం లేదు, బజారు లేదు, నాకు వయసు కూడా లేదు. ఆ కాసేపు నాకు అక్క కూడా లేదు.

కందికట్టెలు పటపటా విరిగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆ అమ్మాయి మడికి అవతలి కొసన తన ఫోన్ తెర చూసుకుంటోంది. నేను అరిచేసరికి ఆమె బటన్ నొక్కింది, మిషన్ ఆగింది. అప్పటికే మూల అంతా కురచ మోళ్లు. ఎర్ర గింజ తెల్ల గింజతో కలిసి ట్యాంకులో పడిపోయింది. పళ్ల చక్రానికి నీలం పేలిక ఒకటి చుట్టుకొని ఉంది.

అక్క పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు. మోళ్లలో కూర్చుని, ఒక మోడును పట్టుకొని చూసింది. తర్వాత నా వైపు చూసి అడిగింది.

"చెప్పలేదారా దానికి?"

"మిషన్ గదక్కా," అన్నాను. "దానికేం తెలుస్తది."

అంతే. ఆ ఒక్క మాటలో నేను తప్పుకున్నాను. బావ మిషన్‌ను తిట్టాడు. పక్క మడుల వాళ్లు చేరి, మనిషి లేని మిషన్ ఇట్లనే చేస్తదని తేల్చారు. ఆ అమ్మాయి తెల్లబోయి, అక్క చేతులు పట్టుకొని క్షమించమని అడిగింది. ఏం తప్పు జరిగిందో చూస్తానని, సిగ్నల్ తప్పి ఉండొచ్చని అంది. నేను తల ఊపాను.

కొన్నాళ్లకు దుకాణానికి ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. "గీత చూశానండి. మిషన్ గీత దాటలేదు. మీరు నడిచినట్టే కోసింది" అంది. నేను ఒప్పుకున్నాను. అక్కకు నేనే చెబుతానని మాటిచ్చాను. ఆమె నమ్మింది. నేను చెప్పలేదు.

ఆ మాట చుట్టుపక్కల పాకిపోయింది. ఆ వైపు ఎవరూ ఆమె మిషన్‌ను మడిలోకి రానివ్వలేదు. ఆమె వేరే జిల్లాకు వెళ్లిపోయిందని బెల్టులకు వచ్చిన వాళ్లెవరో చెప్పారు. అక్క అయితే డ్రైవర్ ఉన్న హార్వెస్టర్‌ను కూడా వద్దనేసింది. ఇనుము మాట వినదని ఆమెకు నమ్మకం కుదిరింది. యాసంగిలో నీళ్లు చాలక పెద్ద మడిని బీడుగా పడావు పెట్టి, బోరు కింది చిన్న మడుల్లోనే వరి వేశారు. కూలీలు దొరక్క ఆమె, బావ ఇద్దరే కోశారు. అకాల వాన వచ్చి సగం నేలపాలైంది. అక్క కుడి భుజం పట్టేసింది, చెయ్యి తల దాకా లేవదు. నేను మందు తీసుకెళ్లి ఇచ్చాను. మందుతో పాటు చెప్పాల్సిన మాట నా జేబులోనే తిరిగి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఫోన్‌లో మిషన్ వీడియోలు చూడటం మానేశాను. నిద్రలో మాత్రం అది వచ్చేది. మంచులో నుంచి మెల్లగా, ఖాళీ సీటుతో, నా కోసమే వెతుకుతున్నట్టు.

మళ్లీ వానాకాలం పంట పండాక, ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, అమ్మ వడ్లు మొలిచినయ్ రా."

వెళ్లి చూశాను. పెద్ద మడిలో, పడమటి వైపు, మిగతా వరి కన్నా పొడుగ్గా అక్కడక్కడ ఎర్ర గొలుసులు ఊగుతున్నాయి. నిరుడు మిషన్ కోస్తున్నప్పుడు రాలిన గింజలు భూమిలో ఉండి, వానకు లేచాయి. కలుపు తీసేటప్పుడు అక్క ఆకును చూసి అనుమానపడి, గొలుసు ఎర్రబడేదాకా చూద్దామని వదిలేసిందట. ఆమె ముఖం అంత తేటగా ఉండటం చూసి ఏడాది అయింది.

"ఆ మిషన్‌ను ఒట్టిగనే తిట్టిన్రా," అంది. "ఎత్తుకపోయిందనుకున్న. జెర ఇడిసిపెట్టే పోయింది."

అప్పటికే నడుముకు కొంగు బిగించింది. ఎర్ర గొలుసులు పోకుండా మడి మొత్తం చేత్తోనే కోస్తానంది. కొడవలి ఎడమ చేతిలోకి మార్చుకుంది, కుడి చెయ్యి లేవక. బావ తన కొడవలి తీసుకున్నాడు.

అక్కడే చెప్పాను. ఒడ్డు మీద నిలబడి, మొదటి నుంచి చెప్పాను. పొగమంచు ఎట్లా ఉందో, కర్ర ఎట్లా పట్టుకున్నానో, గీత ఎట్లా పడుతుందో, ఆ అమ్మాయి దూరంగా ఉండటం, కట్టెలు సన్నవి కావడం. మిషన్ గీత దాటలేదని, గీత నడిచింది నేనని చెప్పాను.

అక్క కొడవలి దించి, ఎర్ర గొలుసు ఒకటి చేతిలోకి తీసుకుంది. తర్వాత, "ఆ పిల్లకు తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. "తెలిసి సుత మాట పడ్డదా? ఫోన్ కలుపు."

కలిపాను. అక్కకు ఇప్పుడే చెప్పానన్నాను. నీకు కూడా అన్యాయం చేశాను, క్షమించమన్నాను. "మీరు అప్పుడే చెప్పేసి ఉంటారనుకున్నానండి" అంది. "ఆవిడ ఇంకా కోపంగానే ఉన్నారేమోనని మళ్లీ రాలేదు." అక్క ఫోన్ లాక్కుంది.

"బిడ్డా, నీ మిషన్‌ను నిన్ను నోటికొచ్చినట్టు అన్న. మనసుల పెట్టుకోకు. మిషన్ తీస్కొని రా. మడి చుట్టు ఈసారి నేనే నడుస్త."

అవతల ఆ అమ్మాయి నవ్విన చప్పుడు నాకూ వినిపించింది. అక్క ఫోన్ నా చేతిలో పెట్టి, కొడవలిని ఒడ్డు మట్టిలో గుచ్చింది. బావ నా వైపు చూడకుండా, ఎర్ర గొలుసులను ఏరి కోయడానికి మడిలోకి దిగాడు. నేను వెళ్లడానికి తిరిగాను.

"కూసో," అంది అక్క. "ముచ్చట మంచిగ చెప్పినవ్. మంచు చెప్పినవ్, కట్టెలు చెప్పినవ్. ఆ పిల్లను మాఫీ అడిగినవ్. మరి నాకు?"

కూర్చున్నాను. గాలి వస్తే ఎర్ర గింజలు రెండో మూడో రాలి మా కాళ్ల దగ్గర పడ్డాయి.

"యాదుండే నడిచినక్కా," అన్నాను. "పేలికలు చూసి సుత నడిచిన. అమ్మ వడ్లు నేనే పోగొట్టిన, ఏడాది నీకు కొడవలి పట్టిచ్చింది నేనే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."