గేటు దగ్గర అడిగిన మాట

ప్రయాణమైన వాళ్లని ఎక్కడికని అడగకూడదని తెలుగువాళ్లకి వేరే చెప్పాలా? అమ్మాయిని మొదటిసారి కాలేజీలో దింపడానికి వెళ్తూ అమెరికాలోని నెవార్క్ ఎయిర్‌పోర్టులో, విమానం గేటు దగ్గర కూర్చున్నాం. ఎదురు కుర్చీలోని పెద్దమనిషి మా అమ్మాయి స్వెట్‌షర్ట్ మీది యూనివర్సిటీ పేరు చదివి, "ఎక్కడికి, గీ కాలేజీకేనా?" అని అడిగేశాడు. నేనది ఇప్పటికీ మరిచిపోలేదు.

మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చిందని గొప్పగానే చెప్పాను. అది లేకపోతే వేరే రాష్ట్రం పిల్లలకి వేసే ఎక్కువ ఫీజు మేం కట్టలేం.

"మావోనికి గూడ గట్లనే వచ్చింది మేడమ్. సెకండ్ ఇయర్‌ల మార్కులు పడి జీపీఏ తగ్గింది, స్కాలర్‌షిప్ పోయింది."

పిల్లని దింపడానికి వెళ్తున్న తల్లితో అనాల్సిన మాటేనా అది? "మా అమ్మాయి అలాంటిది కాదు" అన్నాను.

"మావోడు గూడ గాదు. స్కాలర్‌షిప్ తీసేసినమని కాలేజీ మెయిల్ వస్తే మాకు చెప్పలే, భయపడ్డడు. చెప్పకుంటనే కాలేజీ ఇడిసిపెట్టిండు." ఆయన అమ్మాయి వైపు తిరిగాడు. "ఏమైనా గానీ బిడ్డా, ముందుగాల మీ అమ్మకి చెప్పు."

అమ్మాయి, 'అమ్మా, నీకు నిజంగా చెప్పొచ్చా' అన్నట్టు నా ముఖంలోకి చూసింది. ఆయన మాటలకంటే ఆ చూపుకే నేను ఎక్కువ బెదిరిపోయాను.

ఆయన అలా అడగడం తప్పేనని ఇప్పటికీ వాదిస్తాను. కానీ పరీక్షలయ్యాక అమ్మాయి నుంచి ఫోన్ వస్తే, హలో అనకముందే "ఏదైనా సరే చెప్పు" అంటాను.